బ్యాకప్ ఉందని ధీమాగా ఉన్నారా? ఎర్రర్ కూడా బ్యాకప్ అయిపోతుంది!

అక్క పెళ్లి ఫొటోలన్నీ మా పాత ల్యాప్‌టాప్ డీ డ్రైవ్‌లో ఉన్నాయి. నానమ్మ మాతో దిగిన ఆఖరి ఫొటోలు అవే. పోయిన నెల అక్క ఆ ఫోల్డర్ ఓపెన్ చేస్తే కరప్ట్ అయిందని మెసేజ్ వచ్చింది. "కంగారు పడకక్కా, మూడు బ్యాకప్‌లు ఉన్నాయి" అన్నాను. బీటెక్ చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసొచ్చినవాణ్ణి కదా, ఆ మాత్రం ధీమా ఉంటుంది! మూడూ తెరిచా. మూడింట్లోనూ అదే ఎర్రర్.

ఎందుకంటే నేను తీసింది డిస్క్ ఇమేజ్. మామూలుగా కాపీ పేస్ట్ చేస్తే విండోస్ ఒక్కో ఫైల్‌నీ చదివి రాస్తుంది, చదవలేకపోతే అక్కడే ఆగి చెప్తుంది. ఇమేజ్ అలా కాదు, డ్రైవ్‌లోని బ్లాకుల్ని ఉన్నవి ఉన్నట్టు దింపేస్తుంది. ఏ ఫైల్ ఎక్కడుందో రాసిపెట్టుకునే పట్టిక ఒకటుంటుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో దాన్ని మాస్టర్ ఫైల్ టేబుల్ అంటారు. అదీ డేటానే. అందులో తప్పుంటే తప్పుతో సహా వచ్చేస్తుంది. ఒరిజినల్‌లో అచ్చుతప్పు ఉంటే జెరాక్స్‌లో పోతుందా? "వెరిఫై సక్సెస్" అని వచ్చినా మురిసిపోకండి. తీసిన ఇమేజ్ చెడిపోలేదని మాత్రమే దానర్థం. లోపల ఫైల్ సిస్టమ్ బాగుందో లేదో అది చూడదు.

మరి ఏం చేయాలి? ముందు డిస్క్ సంగతి తేల్చుకోండి. టక్ టక్ మని శబ్దం వస్తున్నా, స్మార్ట్ వార్నింగ్ చూపిస్తున్నా దాని మీద చెక్‌డిస్క్ నడపొద్దు, ప్లీజ్. రిపేర్ అంటే డిస్క్ మీద మళ్లీ రాయడమే, చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కి అది ఆఖరి దెబ్బ కావచ్చు. అలాంటప్పుడు ముందు ఇమేజ్ తీసి, రిపేర్ ఆ కాపీ మీద చేయాలి. డిస్క్ బాగుండి ఫైల్ సిస్టమ్ మాత్రమే పాడైతే రివర్స్: ముందు రిపేర్, తర్వాత కొత్త ఇమేజ్.

నా బ్యాకప్‌లు వీహెచ్‌డీఎక్స్ ఫైళ్లు. ఒకదానికి ఇంకో కాపీ తీసుకున్నా (ఈ స్టెప్ బద్ధకించొద్దు, చెక్‌డిస్క్‌కి అన్‌డూ లేదు). డిస్క్ మేనేజ్‌మెంట్‌లో యాక్షన్ మెనూ, అటాచ్ వీహెచ్‌డీ. దానికి జీ అనే డ్రైవ్ లెటర్ వచ్చింది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, చెక్‌డిస్క్ కమాండ్ పక్కన జీ కోలన్ అని మాత్రమే ఇచ్చా. ఇది ఊరికే చూసి చెప్తుంది, ఏమీ మార్చదు. తప్పులు చూపించాక స్లాష్ ఎఫ్ కలిపి మళ్లీ కొట్టా. మీ ఇమేజ్ వేరే ఫార్మాట్‌దైతే, ఖాళీ డ్రైవ్‌లోకి రీస్టోర్ చేసి అక్కడ నడపండి. ఫోన్ మెమరీ కార్డ్ ఇమేజ్‌కైనా ఇదే పద్ధతి.

ఫోల్డర్ తెరుచుకుంది. కానీ అన్నీ అందులో లేవు. దారి తప్పిన ఫైళ్లని చెక్‌డిస్క్ ఫౌండ్.000 అనే ఫోల్డర్‌లో పడేస్తుంది, అది హిడెన్‌గా ఉంటుంది. కొన్నింటికి సీహెచ్‌కే ఎక్స్‌టెన్షన్ ఉంటే జేపీజీ అని మార్చి చూశా. నానమ్మ ఫొటోలు 11లో 9 వచ్చాయి. మిగతా 2 సగం దాకా బాగుండి, కింద బూడిద రంగు. ఒకదాంట్లో నానమ్మ మొహం పై సగంలోనే ఉంది. అక్క దాన్నే కట్ చేసి ప్రింట్ వేయించుకుంది.