ఊపిరి యున్నంత పాట

క్రొయేషియా జానపదగానమును గూర్చి ఆదివారపు సంచికకు ముఖచిత్ర కథనము కావలయునని సంపాదకులు గడువు విధించినప్పుడు, డాల్మేషియా తీరపట్టణములలో మిత్రబృందములు వాద్యసహాయము లేక శ్రుతి కలిపి పాడు క్లాపా గానమే ఎల్లరకును తోచును; నా మనస్సు మాత్రము ఆ తీరమునకు వెనుక రాతికొండల నడుమనున్న పల్లెల పాటయైన ఓయ్‌కాన్యెను విడువలేదు.

ఇందులకు కారణము 1774లో వెనిస్ నగరమున అచ్చైన యాత్రాగ్రంథమొకటి. పాదువా వాస్తవ్యుడును, మతాచార్యుడును, ప్రకృతిశాస్త్రజ్ఞుడునైన ఆల్బెర్టో ఫోర్టిస్ డాల్మేషియాలో సంచరించుచు, శిలలను నదులను పరిశీలించుటతో తృప్తి నొందక, తాను మోర్లాకులని పిలిచిన కొండప్రజల ఆచారములను గూర్చి ఒక ప్రకరణమును వ్రాసెను. రాత్రివేళ నిర్జనమైన కొండదారిని పోవు బాటసారి పూర్వవీరుల గాథలను పాడుకొనుచు నడచునట. చరణారంభమున దీర్ఘమైన ‘ఓ’కారమును వణికించుచు ఎత్తి, ఆపై పదములను వడివడిగా పలికి, స్వరవిన్యాసమంతయు కడపటి అక్షరమునకు దాచియుంచి, మరల దీర్ఘకంపితనాదముతో ముగించునట. ప్రక్కకొండపై పోవు వేరొక బాటసారి దానిని విని ఆ చరణమునే మరల పాడును. ఇట్లు ఒకరికొకరు బదులు పలుకుచుండగా, దూరము వారి కంఠములను వేరుచేయువరకు ఆ పాట సాగును.

ఆ నాదమును ఫోర్టిస్ అనాగరికమైన కేకగా వర్ణించెను. ఆ తీర్పును నేనంగీకరింపను. కంపితమను గమకము నెరిగిన మనకు, రెండు సంప్రదాయములును వేరైనను, స్వరము వణకుట దోషము కాదని వేరుగ చెప్పనక్కరలేదు. అయినను ఇద్దరు అపరిచితులు చీకటిలో ఒకే పాటను పంచుకొనిన తీరును అంత శ్రద్ధతో విని వ్రాసియుంచినందుకు ఆయనకు నేను కృతజ్ఞుడను.

నేటి ఓయ్‌కాన్యెలోను ఆ కంపనమే ప్రాణము. ముందుపాడువాడు ఎత్తుకొనగా తోడివారు కలిసికొందురు. ‘ఓయ్’, ‘హోయ్’ అను అక్షరములపై గొంతును వణికింతురు. సన్నిహిత స్వరములు కొన్నిటిలోనే, ఒకదానినొకటి ఒరసికొనుచు, పాట తిరుగును. ముందుపాడువాని ఊపిరి ఎంతవరకు నిలుచునో అంతవరకే ఆ పాట. ప్రేమ మొదలు రాజకీయముల వరకు ఊరివారి మాటలన్నియు అందులో చేరును.

వెనిస్, ఉస్మానీయ, ఆస్ట్రియా ప్రభుత్వముల ఏలుబడులును, యుగోస్లావియా ఉత్థానపతనములును చూచిన ఈ సీమలో క్రొయాట్లును సెర్బులును ఈ పాటను పాడిరి. 1991–95 నాటి యుద్ధమువలనను, పట్టణములకు వలసలవలనను, జీవనవిధానము మారుటవలనను గాయకులు తగ్గిపోయిరి. 2010 నవంబరులో నైరోబీలో జరిగిన యునెస్కో సంఘసమావేశము దీనిని తక్షణరక్షణ కావలసిన సంపదల జాబితాలో చేర్చినది. మన ఛౌ నృత్యము, కల్బేలియా, ముడియెట్టు ఆ సమావేశముననే ప్రాతినిధ్య జాబితా కెక్కినవి.

లుప్తమైనవానిలో ఒంటరిగా పాడు ప్రాచీనరీతులు అనేకములుండుట నన్ను మిక్కిలి కలచివేయుచున్నది. ఫోర్టిస్ వర్ణించిన బాటసారి పాటయు ఆ కోవలోనిదే. నేడు గ్రామబృందములు ఉత్సవవేదికలపై పాడుచున్నవి; ధ్వనిముద్రణల సహాయముతో పిన్నలకు నేర్పుచున్నారు. ఆ కృషి శ్లాఘనీయము. అది లేనిచో కంఠవిద్యయే నశించును. కాని వేదిక శ్రోతలను కూర్చగలదు గాని, ప్రక్కకొండనుండి చరణమునందుకొను గాయకుని కూర్చలేదు. కావున వేదిక దిగిన పిదప, పెండ్లివిందులలోను ఇరుగుపొరుగు కూటములలోను పాడుకొను అలవాటును నిలుపుటకే ఎక్కువ శ్రమపడవలయునని నా దృఢాభిప్రాయము.

ఆ గ్రంథముననే

హసన్ ఆగా భార్య దుఃఖగాథయైన ‘హసనాగినీత్సా’ మొదట అచ్చైనది ఫోర్టిస్ గ్రంథముననే. దానిని గేటే జర్మను భాషలోనికి అనువదింపగా, హెర్డెర్ తన జానపదగీత సంకలనమున 1778లో ప్రకటించెను.

సీన్ పట్టణమున

1715లో ఉస్మానీయసేనపై సాధించిన విజయమునకు స్మారకముగ, ఈ సీమలోని సీన్ పట్టణమున ఏటేట ఆగస్టులో ఆశ్వికులు గుఱ్ఱములను దౌడుతీయించుచు, వ్రేలాడు ఇనుపవలయమును బల్లెముతో గ్రుచ్చి తీయుదురు. ఆల్కా యను ఈ క్రీడయు 2010లోనే యునెస్కో ప్రాతినిధ్య జాబితాలో చేరినది.