ప్రార్థన చూసి వేయాలా, చట్టం చూసి వేయాలా?

2022 అక్టోబరు 14, శుక్రవారం రాత్రి. అమెరికాలోని జార్జియా రాష్ట్రం, సవానా నగరం. సెనేట్ సీటుకు పోటీపడుతున్న ఇద్దరు టీవీ చర్చకు వచ్చారు. ఇద్దరూ నల్లజాతివారే. ఇద్దరూ తమ క్రైస్తవ విశ్వాసాన్ని బాహాటంగా చెప్పుకునేవారే.

ఒకరు రఫేల్ వార్నాక్, డెమొక్రాట్. అట్లాంటాలో మార్టిన్ లూథర్ కింగ్ వాక్యం చెప్పిన ఎబినేజర్ బాప్టిస్టు సంఘానికి 2005 నుంచి ఆయనే పాస్టరు. రెండోవారు హర్షెల్ వాకర్, రిపబ్లికన్. జార్జియాలో ఇంటింటికీ తెలిసిన ఫుట్‌బాల్ ఆటగాడు. అబార్షన్ మాట వచ్చింది. రోగి గది చాలా చిన్నదని, అందులో ఆ మహిళ, ఆమె డాక్టరు కాకుండా ప్రభుత్వం కూడా దూరేంత చోటు లేదని వార్నాక్ అన్నారు. ఆ గదిలో ఒక బిడ్డ కూడా ఉందన్న సంగతి పాస్టరు గారు మరిచిపోయారని వాకర్ బదులిచ్చారు. అప్పటికే ఓ మహిళ అబార్షన్‌కు వాకరే డబ్బిచ్చారన్న ఆరోపణ పత్రికలకెక్కింది. అది అబద్ధమని ఆయన ఖండించారు.

ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్న క్రైస్తవ ఓటరు సంకటాన్ని ఊహించండి. ప్రతి ఆదివారం ప్రసంగ వేదిక ఎక్కే మనిషి అబార్షన్ హక్కును సమర్థిస్తున్నాడు. గతం మీద ఆరోపణలున్న మనిషి దాన్ని వ్యతిరేకిస్తున్నాడు. ఎవరిని ఎంచుకోవాలి? తెల్లజాతి ఇవాంజెలికల్ ఓటర్లలో అత్యధికులు వాకర్ వైపు నిలిచారు. నల్లజాతి క్రైస్తవుల్లో అత్యధికులు వార్నాక్ వైపు నిలిచారు. బైబిలు అదే, ప్రభువు బల్ల అదే. డిసెంబరు 6న జరిగిన రెండో విడతలో వార్నాక్ స్వల్ప మెజారిటీతో గెలిచారు.

ఈ ఓటరుకు ఎదురయ్యేవి నిజానికి రెండు ప్రశ్నలు. అభ్యర్థి విశ్వాసం ఎంత నిజం అన్నది ఒకటి. గెలిస్తే అతడు తెచ్చే చట్టం ఏమిటన్నది ఇంకొకటి. రెండింటికీ ఒకే మనిషి జవాబుగా దొరికితే చిక్కే లేదు. అరవై ఏళ్ల అమెరికా ఎన్నికలను తిరగేస్తే అలా దొరికిన సందర్భాలు తక్కువ.

1960లో ఓటర్లను కుదిపింది మొదటి ప్రశ్నే. జాన్ ఎఫ్. కెనడీ కథోలికుడు. ఆయన గెలిస్తే వైట్‌హౌస్‌కు ఆదేశాలు పోప్ నుంచి వస్తాయని ప్రొటెస్టెంట్లలో చాలామంది భయపడ్డారు. ఆ సెప్టెంబరు 12న కెనడీ హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంట్ పాస్టర్ల సభకే వెళ్లి, చర్చి వేరు, రాజ్యం వేరు అన్నదే తన నమ్మకమని, తాను కథోలికుల అభ్యర్థిని కానని తేల్చి చెప్పారు. అబార్షన్ ఊసు అప్పట్లో అధ్యక్ష ఎన్నికల ప్రచారంలోనే లేదు.

ఇంకో సంగతి ఈతరం విశ్వాసులకు ఆశ్చర్యం కలిగిస్తుంది. అమెరికాలో అతి పెద్ద ప్రొటెస్టెంట్ వర్గమైన సదరన్ బాప్టిస్టులు 1971లో సెయింట్ లూయిస్‌లో ఒక తీర్మానం చేశారు. అత్యాచారం, రక్తసంబంధీకుల వల్ల గర్భం, శిశువుకు తీవ్రమైన వైకల్యం, తల్లి శారీరక, మానసిక ఆరోగ్యానికి ముప్పు ఉన్నప్పుడు అబార్షన్‌ను అనుమతించే చట్టాల కోసం పాటుపడాలని అందులో సభ్యులను కోరారు. అబార్షన్‌ను అప్పటికే గట్టిగా వ్యతిరేకిస్తున్నది కథోలికులు. 1973 జనవరి 22న రో వర్సెస్ వేడ్ కేసులో సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించాక పదేళ్లు తిరక్కముందే బాప్టిస్టులు కూడా వారితో గొంతు కలిపారు.

ఆ మార్పు తొలిసారి స్పష్టంగా కనిపించింది 1980లో. జిమ్మీ కార్టర్ తిరిగి జన్మించిన క్రైస్తవుడినని చెప్పుకున్న బాప్టిస్టు. జార్జియాలోని ప్లెయిన్స్ ఊళ్లో తొంభై ఏళ్లు దాటాక కూడా సండే స్కూల్‌లో పాఠం చెప్పిన మనిషి. వ్యక్తిగతంగా అబార్షన్ తనకు ఇష్టం లేదంటూనే కోర్టు తీర్పుకు కట్టుబడ్డారు. ఆయన ప్రత్యర్థి రోనాల్డ్ రీగన్ విడాకులు తీసుకున్న సినిమా నటుడు, చర్చికి వెళ్లడం అంతంతమాత్రం. పైగా 1967లో కాలిఫోర్నియా గవర్నరుగా అబార్షన్ నిబంధనలు సడలించే చట్టంపై సంతకం పెట్టింది ఆయనే. తర్వాత దానికి పశ్చాత్తాపపడి, అబార్షన్‌ను నిషేధించే రాజ్యాంగ సవరణ కావాలన్నారు. బాప్టిస్టు పాస్టరు జెర్రీ ఫాల్వెల్ 1979లో స్థాపించిన మోరల్ మెజారిటీ అనే సంస్థ రీగన్ వెనక నిలబడింది. సండే స్కూల్ టీచరు ఓడిపోయారు. సాటి విశ్వాసుల్లో చాలామంది ఆయన ప్రార్థనను కాదని, రీగన్ వాగ్దానం చేసిన చట్టాన్ని ఎంచుకున్నారు.

అప్పటి నుంచి అభ్యర్థుల మధ్య పోలిక ఒక కాగితానికి ఎక్కింది. దాన్ని ‘వోటర్ గైడ్’ అంటారు. టీవీ ప్రసంగీకుడు ప్యాట్ రాబర్ట్‌సన్ పెట్టిన క్రిస్టియన్ కొయలిషన్ 1990లలో వీటిని లక్షల్లో పంచింది. ఆరాధన ముగించుకుని బయటికొచ్చేసరికి చర్చి ఆవరణలో నిలిపిన కార్ల వైపర్ల కింద పెట్టి ఉండేవి. కాగితం మీద రెండు ఫొటోలు పక్కపక్కన. మధ్యలో అంశాల వరస: అబార్షన్, పన్నులు, బడిలో ప్రార్థన. ఒక్కో పేరు కింద ‘సమర్థిస్తున్నారు’, ‘వ్యతిరేకిస్తున్నారు’ అని ఒక్క ముక్క. ఫలానా వారికి ఓటేయండి అని మాత్రం ఎక్కడా ఉండదు. పన్ను మినహాయింపు పొందే చర్చిలు, మత సంస్థలు అభ్యర్థిని బలపరచకూడదని 1954 నుంచి చట్టం ఉంది మరి. చదివినవారికి విషయం ఎలాగూ అర్థమవుతుంది.

ఆ గళ్లలో పట్టనివి చాలా ఉన్నాయి. బైబిల్లో అబార్షన్ అన్న మాటే లేదు. దాన్ని వ్యతిరేకించేవారు కీర్తన 139ని, యిర్మీయా మొదటి అధ్యాయాన్ని చూపిస్తారు. తల్లి గర్భంలో ఉండగానే దేవుడు మనిషిని ఎరుగునన్న భావం రెండింటిలోనూ ఉంది. అవతలివారు నిర్గమకాండం 21వ అధ్యాయం తెరుస్తారు. కొట్లాటలో గర్భిణికి దెబ్బ తగిలిన సందర్భంలో అక్కడ చెప్పిన జరిమానా గర్భంలోని శిశువు పోయినందుకా, నెలలు నిండకుండా ప్రసవమైనందుకా అన్నదానిపై పండితులే రెండుగా చీలిపోయారు. ఇంకొందరు మత్తయి 25 ముందు పెడతారు. ఆకలిగొన్నవాడు, పరదేశి, చెరసాలలో ఉన్నవాడు ఈ చీటీలో ఏ గడిలో ఉన్నారని వారి ప్రశ్న. ఇవన్నీ మోయాల్సిన మనస్సాక్షికి ఒక్క టిక్కు మార్కు చాలదు. దాన్ని చాలనిచ్చినచోట విశ్వాసం కాస్తా పార్టీ సభ్యత్వంగా మారిపోతుంది.

కథోలికుల ఇంట్లో ఈ ఘర్షణ మరీ తీవ్రం. దివ్యబలి పీఠం దాకా వెళ్లింది. 2004లో డెమొక్రాటిక్ అధ్యక్ష అభ్యర్థి జాన్ కెరీ చిన్నప్పుడు పీఠం దగ్గర సేవ చేసిన కుర్రాడు. అబార్షన్ హక్కును సమర్థిస్తున్నందున తన దగ్గరికి వస్తే ఆయనకు సత్ప్రసాదం ఇవ్వనని సెయింట్ లూయిస్ ఆర్చిబిషప్ రేమండ్ బర్క్ ప్రకటించారు. ఆ నవంబరులో కథోలిక ఓటర్లలో ఎక్కువమంది మెథడిస్టు అయిన జార్జ్ బుష్‌కే ఓటేసినట్టు ఎగ్జిట్ పోల్స్ తేల్చాయి. 2019లో దక్షిణ కరోలినాలో ఒక గురువు మరో కథోలిక డెమొక్రాట్ జో బైడెన్‌కు సత్ప్రసాదం నిరాకరించారు. రెండేళ్ల తర్వాత వాటికన్‌లో పోప్ ఫ్రాన్సిస్‌ను కలిసి వచ్చిన బైడెన్, సత్ప్రసాదం తీసుకుంటూనే ఉండమని పోప్ తనతో అన్నారని విలేకరులకు చెప్పారు.

అమెరికా బిషప్పులు ఓటర్ల కోసం ఒక మార్గదర్శక పత్రం ప్రచురిస్తుంటారు. అబార్షన్ ముప్పే అన్నిటికన్నా ముందున్న అంశమని అందులో ఉంది. ఒక అభ్యర్థి అబార్షన్‌ను వ్యతిరేకించినంత మాత్రాన మిగతా అన్యాయాలను పట్టించుకోనక్కర్లేదు అనుకోవద్దని కూడా అందులోనే ఉంది. షికాగో కార్డినల్ జోసెఫ్ బెర్నార్డిన్ 1983లోనే ఈ రెండో మాటను బలంగా చెప్పారు. గర్భంలోని శిశువు, ఉరికంబం ముందున్న ఖైదీ, అణ్వాయుధాల నీడలో బతికే జనం, వీరందరి ప్రాణమూ ఒకే నేతలో కుట్టులేని వస్త్రమని ఆయన వాదన. ఆ వస్త్రాన్ని కప్పుకున్న పెద్ద పార్టీ అమెరికాలో లేదు. అబార్షన్‌నూ మరణశిక్షనూ కలిపి వ్యతిరేకిస్తూ, పేదల సంక్షేమం కోరే అమెరికన్ సాలిడారిటీ పార్టీ ఉంది కానీ దానికి పడే ఓట్లు నామమాత్రం.

2024 సెప్టెంబరు 13న సింగపూర్ నుంచి తిరిగొస్తూ విమానంలో పోప్ ఫ్రాన్సిస్‌కే ఈ ప్రశ్న ఎదురైంది. వలసవచ్చినవారిని తరిమేయడం, అబార్షన్ రెండూ ప్రాణానికి వ్యతిరేకమేనన్నారు. రెండు కీడుల్లో తక్కువదాన్ని ఎంచుకోవాలని, ఆమెదా ఆయనదా ఏది తక్కువో తనకు తెలియదని, ఎవరి మనస్సాక్షితో వారు ఆలోచించుకోవాలని చెప్పారు. ఆమె అంటే బాప్టిస్టు అయిన కమలా హ్యారిస్. ఆయన అంటే డొనాల్డ్ ట్రంప్.

ట్రంప్ 1999లో ఒక టీవీ ఇంటర్వ్యూలో తాను అబార్షన్ హక్కుకు పూర్తి అనుకూలమన్నారు. 2016కల్లా మాట మార్చి, సుప్రీంకోర్టుకు ఎవరిని పంపుతారో పేర్ల జాబితా ముందే విడుదల చేశారు. తెల్లజాతి ఇవాంజెలికల్ ఓటర్లలో పదిమందికి ఎనిమిదిమంది ఆయనకే వేశారు. ఆ లెక్క వారివరకు తప్పలేదు. ఆయన నియమించిన ముగ్గురు న్యాయమూర్తుల బలంతోనే 2022 జూన్ 24న డాబ్స్ కేసులో సుప్రీంకోర్టు రో తీర్పును కొట్టేసింది.

తెలుగు పాఠకుడికి ఈ గొడవ కాస్త వింతగానే తోస్తుంది. మన పార్లమెంటు 1971లోనే షరతులతో అబార్షన్‌కు చట్టబద్ధత ఇచ్చింది. 2021 సవరణతో కొన్ని వర్గాల మహిళలకు గడువు 24 వారాల దాకా పెరిగింది. మన దగ్గర దీని చుట్టూ రగిలిన బాధ ఆడపిల్లను కడుపులోనే చంపడం గురించి. 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం వచ్చింది అందుకే. అంతే తప్ప ఆంధ్రలోగానీ తెలంగాణలోగానీ అబార్షన్ మీద ఎన్నికలు జరగలేదు. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో బాప్టిస్టు సంఘాలు నాటింది అమెరికా మిషనరీలే అయినా, వారి దేశపు ఈ తగువు మన సంఘాలకు ఎన్నికల తగువుగా అంటలేదు. గుంటూరు నుంచో ఖమ్మం నుంచో వెళ్లి డాలస్‌లో స్థిరపడి, అక్కడి పౌరసత్వం తీసుకున్న తెలుగు విశ్వాసికి మాత్రం తప్పించుకునే దారి లేదు. ఆ ఓటు ఇప్పుడు అతడిది కూడా.

డాబ్స్ తీర్పు తర్వాత ఓటరు చేతికి ఒక కొత్త వీలు వచ్చింది. నిర్ణయం రాష్ట్రాలకు మారడంతో పలుచోట్ల అభ్యర్థి పేరు ఒక వరసలో, అబార్షన్ ప్రశ్న మరో వరసలో, ఒకే బ్యాలెట్ మీద వేర్వేరుగా ముద్రించారు. రిపబ్లికన్ల కోట అయిన కాన్సస్‌లో 2022 ఆగస్టు 2న, అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగం నుంచి తీసేసే సవరణను 59 శాతం మంది తిరస్కరించారు. ఏళ్లుగా రిపబ్లికన్ అభ్యర్థులను గెలిపిస్తున్న ఓటర్లే అబార్షన్ గురించి విడిగా అడిగితే వేరే జవాబు చెప్పారు.

మిస్సోరి మరీ విచిత్రం. డాబ్స్ తీర్పు వెలువడిన రోజే నిషేధం అమల్లోకి తెచ్చిన రాష్ట్రం అది. అత్యాచార బాధితులకూ మినహాయింపు లేదు. 2024 నవంబరు 5న అక్కడ ట్రంప్‌కు 58 శాతం ఓట్లు వచ్చాయి. అదే రోజు, అదే బ్యాలెట్ మీద, అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే సవరణ దాదాపు 52 శాతంతో నెగ్గింది. లక్షలమంది ఒక గడిలో ట్రంప్‌ను, మరో గడిలో అబార్షన్ హక్కును ఎంచుకుంటే తప్ప ఈ లెక్క కుదరదు. సెనేట్‌కు మాత్రం అబార్షన్‌ను వ్యతిరేకించే జాష్ హాలీనే మళ్లీ పంపారు. ఆరు నెలలు గడిచాయో లేదో, 2025 మేలో రాష్ట్ర శాసనసభ ఆ సవరణను రద్దు చేసే ప్రతిపాదన తెచ్చి, 2026 నవంబరు బ్యాలెట్ మీద అదే ప్రశ్నను అదే ఓటర్ల ముందు మళ్లీ పెట్టాలని తీర్మానించింది.