చదివేశానని గట్టిగా చెప్పండి!

"అంత లావు పుస్తకం ఎప్పటికి చదువుతావ్?" ఈ మాట వినని ఇల్లాలుండదేమో! విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు' సంగతే చూడండి. దాదాపు వెయ్యి పేజీలు. పి.వి.నరసింహారావుగారు దాన్ని 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి తెచ్చారు. అందులోని భాష మనం రోజూ మాట్లాడేది కాదు, పాత్రలూ ఎక్కువే.

అయినా రోజుకు పది పేజీలు చదివితే వంద రోజుల్లో పూర్తయిపోతుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల నుంచి అమీర్‌పేట వైపు ఉద్యోగాలకెళ్లేవారికి 2018 సెప్టెంబరు నుంచీ మెట్రో ఉంది. సీటు దొరికిందా, ఆ పది పేజీలూ అక్కడే అయిపోతాయి! ఇంట్లో ఉండేవారికి మధ్యాహ్నం అరగంట చాలు. ధర్మారావు, గిరిక, పసిరిక... ఎవరెవరో గుర్తుండేలా ఓ కాగితంమీద రాసి పుస్తకంలో పెట్టుకోండి. అర్థంకాని వాక్యం దగ్గర ఆగిపోవద్దు. రచయిత అభిప్రాయాలు నచ్చకపోవచ్చు. పూర్తిగా చదివితే కాదనడానికీ ధైర్యమొస్తుంది.

పొద్దున తోమిన గిన్నెలు రాత్రికి మళ్లీ సింకులో ఉంటాయి. ఉతికిన బట్టలు మళ్లీ మాస్తాయి. చదివిన పుస్తకం మాత్రం చదివినట్టే ఉంటుంది. అందుకే ఆ గర్వం. ఆఖరి పేజీలో తేదీ వేసి సంతకం పెట్టండి. ఎవరైనా అడిగితే "ఏదో, కాలక్షేపానికి" అనకండి. "మొత్తం చదివేశాను" అనండి.