పెరటి తోట: అందలి సంతోషములు, చిక్కులు

గత వర్షకాలమున మా పాఠశాలలో ఏడవ తరగతి చదువుచున్న యొక బాలుడు చేత కాగితపు పొట్లముతో మాయొద్దకు వచ్చెను. విప్పి చూడగా అందులో బొటనవ్రేలంతేసి సొరపిందెలు మూడు, పసుపువన్నె తిరిగి, కొనయందు కుళ్లి యుండెను. తన పెరటిలోని పాదు నెల దినములుగా విరివిగా పూయుచున్నదనియు, పిందె కనబడిన మూడునాలుగు దినములకే యిట్లు రాలిపోవుచున్నదనియు వాడు చెప్పెను. సంగతి యింతతో ముగిసినచో మే మీ వ్యాసము వ్రాయకపోదుము. ప్రక్కయింటి యామె గోడమీదుగా వ్రేలు చూపి, పిందెలు చక్కగా నున్నవని మెచ్చుకొన్నదట. నాటినుండియే పిందె నిలుచుట లేదని బాలుని నాయనమ్మ నిశ్చయించి, ఆమెతో మాటలు మానివేసెను. ఆ ప్రక్కయింటి యామె భర్తను పోగొట్టుకొని యొంటరిగా నుండునది. ఇరువది యేండ్లుగా రెండిండ్ల వారును కూరలు, చేబదుళ్లు ఇచ్చి పుచ్చుకొనుచుండిరి. ఇప్పుడు గోడకు ఈవల నొకరు, ఆవల నొకరు.

పిందెకు వ్రేలు చూపరాదను మాట మన తెలుగు సీమలో విననివారుండరు. మేమును వినియే పెరిగితిమి. మా తల్లిగారు ప్రతి ఆదివారమును తప్పక గుడికి పోవువారే యైనను, గుమ్మడిపిందెను చూపవలసి వచ్చినప్పుడు వ్రేలు మడిచి పిడికిలితో చూపెడివారు. కావున ఆ నాయనమ్మను చూచి నవ్వుటకు మాకు హక్కు లేదు. బాలునితో మాత్రము, "దీపములు పెట్టువేళకు మీ యింటికి వచ్చెదము, పాదును చూతము" అంటిమి.

సొరతీగెకు రెండు విధములగు పూలు పూయును. సన్నని పొడుగు కాడ చివర పూయునది మగపువ్వు. రేకుల క్రింద చిన్న పిందెతో కూడియుండునది ఆడుపువ్వు. మనము పిందెయని మురియునది పువ్వుతోడనే పుట్టును గాని అది యింకను కాయ కాదు. మగపువ్వులోని పుప్పొడి ఆడుపువ్వు నడుమ భాగమునకు చేరిననే అది కాయగా నెదుగును. చేరనిచో కొలది దినములలో పసుపెక్కి, ముడుచుకొని, రాలును. గుమ్మడిపువ్వు తెల్లవారుజామున విచ్చును గనుక దానికి తేనెటీగలు వచ్చి యీ పని చేయును. సొరపువ్వు తెల్లనిది, ప్రొద్దు గ్రుంకువేళ విచ్చి మరునాటి యుదయమునకు వాడును. దానియొద్దకు ముఖ్యముగా రాత్రివేళ తిరుగు చిమ్మటలు రావలెను. బైబిలు చదువువారికి చిమ్మట యనగా బట్టలను కొరుకునదిగానే తెలియును. పూలకు మేలు చేయునవియు ఆ జాతిలో కలవు. మన ఖమ్మము ప్రాంతమున మిరప, ప్రత్తి చేలపై పురుగుమందులు చల్లుట యధికము. ఆ మందులు మంచి పురుగును, చెడు పురుగును వేరుచేసి చూడవు. చిమ్మట రాని రాత్రి పువ్వు వృథాగా వాడిపోవును.

ఆ సాయంకాలము టార్చిలైటు పట్టుకొని లెక్కించితిమి. మగపూలు పదునాలుగు, ఆడుపూలు రెండు. బాలుడు మేము చెప్పినట్లు ఒక మగపువ్వును త్రుంచి, రేకులు వెనుకకు మడిచి, దాని పుప్పొడిని ఆడుపువ్వుల నడుమ మెల్లగా అద్దెను. గుర్తునకై రెంటికిని ఎర్రదారము కట్టెను. ప్రక్కయింటి యామె గోడ ఆవల నిలిచి చూచుచునే యుండెను గాని పలుకలేదు. పెద్దతీగె కొనను గిల్లివేయుమని కూడ చెప్పితిమి. ఏలయనగా సొరకు ఆడుపూలు పెద్దతీగెమీద కంటె ప్రక్కకొమ్మలమీద నెక్కువగా పూయును.

పది దినముల తరువాత వాడు మరల వచ్చెను. ఒక పిందె చేయెత్తు పెరిగినది, రెండవది వంకరపోయి కుళ్లినది. మాకును కొంత సిగ్గు కలిగెను. కుళ్లినదానిని చాకుతో కోసి చూడగా లోపల తెల్లని పురుగులు కదలుచుండెను. ఇది పండుఈగ పని. అది లేత కాయ తొక్కను పొడిచి లోపల గ్రుడ్లు పెట్టును. ఆ గంటినుండి జిగురు కారును. లోపలి పురుగు పెరిగి, కాయనుండి నేలకు దిగి, మట్టిలో ప్యూపాగా మారి, తిరిగి ఈగయై పైకి వచ్చును. కావున రాలిన కాయను పాదు ప్రక్కనే పారవేయుట శత్రువునకు అన్నము పెట్టుట వంటిది. దానిని లోతుగా పాతవలెను. పాదు క్రింది మట్టిని అప్పుడప్పుడు త్రవ్వి యెండకు తిరుగవేయవలెను. పిందె నిలిచినదని తెలియగానే వార్తాపత్రిక కాగితముతో సంచి చేసి తొడిగినచో ఈగ చేరజాలదు.

సంచులు తొడిగిన పిదప ఆ పాదు దీపావళిలోపల ఎనిమిది కాయలు కాచెను. నాయనమ్మకు ఈగ సంగతి నచ్చినదో లేదో చెప్పజాలము. కాగితపు సంచి పిందెను పరుల కంటికి మరుగుపరచినదని మాత్రము ఆమె మిక్కిలి సంతోషించెను. ఏమైన నేమి, నాలుగవ కాయ గోడమీదుగా ప్రక్కయింటికి పోయెను. ఇంకొకటి కోతపండుగనాడు గుడిలో అర్పింపబడి, వేలములో అంగడి వెలకు మూడురెట్లు పలికెను. పాడినవా రెవరో మేము చెప్పము.

మిషనరీలకు ఈ పిచ్చి క్రొత్తది కాదు. 1814లో తెలుగు వ్యాకరణమును అచ్చువేయించిన విలియం కేరీ దొరగారే 1820లో వ్యవసాయమునకును తోటలకును ఒక సంఘమును స్థాపించిరి. ఇంగ్లండునుండి వచ్చిన విత్తనపు సంచిని శ్రీరాంపూరు తోటలో దులుపగా స్వదేశపు చిన్న పువ్వొకటి మొలచినదని వారు పొందిన యానందము గ్రంథములకెక్కినది.

చిక్కుడు విషయమున అనేకులు మోసపోవుదురు. సంక్రాంతికి విత్తి, ఆకు దట్టముగా నున్నను పూత లేదని తీగెను పెరికివేయుదురు. మన నాటు పందిరిచిక్కుడు పగలు తగ్గి రాత్రి పెరిగిన గాని పూయదు. మృగశిరలో విత్తినను కొంత యాలస్యముగా విత్తినను చలి మొదలగు వేళకే పూతకు వచ్చును. పొదచిక్కుడు జాతులకు ఈ నియమము లేదు. భద్రాచలపు టడవులలోని కోయవారు క్రొత్త చిక్కుడుకాయను పండుగ చేయక మునుపు నోట పెట్టరు. ఆరు నెలలు కనిపెట్టిన కూరకు అట్టి గౌరవము తగినదే.

బెండకు పల్లాకు తెగులు వచ్చినచో మందు లేదు. తెల్లదోమ మోసుకొని వచ్చు వైరసు వలన ఈనెలు పచ్చబడి ఆకు వెలవెలబోవును. మొక్కను పెరికి కాల్చివేయుటయే మార్గము. బెంగుళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థవారి అర్క అనామిక విత్తనము ఈ తెగులునకు కొంత యోర్చును.

ఇక కోతులు. దీనికి మాయొద్ద సమాధానము లేదు. నిరుటి మార్గశిరమున, ఆదివార మారాధనకు పోయి వచ్చునంతలో, మా చిక్కుడుపందిరి నేలమట్టమై యుండెను. తిన్నది కొంచెము, త్రుంచి పారవేసినది యెక్కువ. ఆ దినమున మేము అన్నము సరిగా తినలేదని చెప్పుటకు సంకోచించము.

గోదావరికి దక్షిణమున పూర్వమునుండి యున్న కోతి, తలవెండ్రుకలు టోపీవలె చుట్టుకొని, తోక శరీరముకంటె పొడవైనది. ఉత్తరపు జాతికి తోక పొట్టి, పిరుదులు ఎర్రన. తూర్పువైపున ఈ రెంటికిని గోదావరియే యెల్లయని శాస్త్రజ్ఞులు చెప్పెడివారు. ఉత్తరపు జాతి ఆ యెల్ల దాటి దక్షిణమునకు వ్యాపించినదని 2011లో పరిశోధకులు ప్రకటించిరి. ఒక యూర పట్టిన కోతులను మరియొక చోట విడుచుటయు ఇందుకొక కారణమట. అడవిలో పండ్లచెట్లు తగ్గినవి. త్రోవప్రక్కన అరటిపండ్లు వేయువారు పెరిగినారు. కోతులను తిరిగి అడవికి పంపవలెనను తలంపును గూడ పెట్టుకొని ప్రభుత్వమువారు 2015లో హరితహారమును ప్రారంభించిరి. చెట్టు పండునంతవరకు కోతి ఆగునా? మీ పెరటికి వచ్చునది ఏ జాతియో తోక చూచి వ్రాసికొని రండని తొమ్మిదవ తరగతివారికి చెప్పియున్నాము.

ఇప్పుడు మా పెరటిలో కంద, చేమ, పసుపు, గోంగూర బయట నుండును. వీటిని కోతులు మా యింట నింతవరకు ముట్టలేదు. చిక్కుడును వలక్రింద, వంటింటి కిటికీ కెదురుగా పెట్టితిమి. వలకు రెండు చోట్ల చిరుగులు పడినవి, కుట్టవలెను. ఆ బాలుని పాదులో ఒక కాయను విత్తనమునకై ముదురనిచ్చి యెండబెట్టించితిమి. కావలసిన తలిదండ్రులు మృగశిరకు ముందుగా మమ్ము అడిగినచో ఇంటికి నాలుగు గింజల చొప్పున ఇచ్చెదము.