చేపల పులుసు రుచి నాలుకదేనా?

మైపాడు తీరంలో దొరికిన చేపతో నెల్లూరు పులుసు పెట్టి, ఒక ముద్ద నోట్లో వేసుకోగానే ఆ ఘనతంతా నాలుకకే కట్టబెడతాం. నిజానికి నాలుకకు తెలిసేవి కొన్నే: తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి. చింతపండు, మామిడికాయల్లోని ఆమ్లం నుంచి హైడ్రోజన్ అయాన్లు రుచి మొగ్గల కణాల్లోకి చొరబడితే అది పులుపు. చేప మాంసంలోని కమ్మదనం ఉమామి. 1908లో ఆ పేరు పెట్టింది జపాన్ రసాయన శాస్త్రవేత్త కికునే ఇకెదా. ఇక కారం అసలు రుచే కాదు, మంట! మిరపలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నరాలనే రెచ్చగొడుతుంది.

మరి మెంతులకూ కరివేపాకుకూ తేడా చెప్పేదెవరు? ముఖ్యంగా ముక్కే. నములుతుంటే వాసన గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కుతుంది. ఈ కబుర్లన్నీ కలిపి మెదడు ఒకే రుచిగా అల్లుతుంది. జలుబు చేస్తే పులుసు చప్పబడేది అందుకే. "అప్పుడూ పులుపు తెలుస్తుందిగా?" అంటారా? తెలుస్తుంది, అది నాలుక వంతు మరి. "నాలుక కొసన తీపి, వెనక చేదు అని బొమ్మల్లో ఉందే?" అది 1901 నాటి జర్మన్ పరిశోధనను తప్పుగా చదవడం వల్ల పుట్టిన బొమ్మ, రుచి మొగ్గలున్న ప్రతిచోటా ఐదూ తెలుస్తాయి. ముక్కు పాత్రపై నమ్మకం కుదరకపోతే, దాన్ని మూసుకుని ఒక ముద్ద నమిలి, ఆ తర్వాత ముక్కు వదిలి చూడండి.