అమెరికా పాఠశాలలలో నల్లజాతి బాలికలపై శిక్షలు

అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వ పాఠశాలలలో నల్లజాతి బాలికలకు తోటి శ్వేతజాతి బాలికలకంటే చాలా ఎక్కువగా సస్పెన్షన్, బహిష్కరణ వంటి శిక్షలు పడుతున్నాయి. కొన్నిచోట్ల తరగతి గదిలోని చిన్న వివాదం పోలీసు కేసుగా కూడా మారుతున్నది. 2017-18 విద్యా సంవత్సరంలో బాలికలలో నల్లజాతివారు 15 శాతం మాత్రమే. కాని బాలికలకు విధించిన సస్పెన్షన్లు, బహిష్కరణలలో దాదాపు సగం వారికే పడ్డాయని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2024లో వెల్లడించినది.

నేపథ్యం

ఆయుధం తెచ్చిన విద్యార్థిని కనీసం ఒక సంవత్సరంపాటు బహిష్కరించాలని 1994 నాటి తుపాకీరహిత పాఠశాలల చట్టం నిర్దేశించినది. ఈ కఠిన ధోరణి క్రమంగా ఎదురుచెప్పడం, దుస్తుల నియమాలను పాటించకపోవడం వంటి చిన్న విషయాలకూ పాకినది. 1999లో కొలంబైన్ ఉన్నత పాఠశాలలో జరిగిన కాల్పుల తరువాత పాఠశాలలలో పోలీసుల నియామకం మరింత పెరిగినది.

తుపాకి తెచ్చారా లేదా అన్నది సులభంగా తేలే విషయం. "అవిధేయత" అంటే ఏమిటన్నది మాత్రం ఉపాధ్యాయుని అభిప్రాయాన్నిబట్టి ఉంటుంది. అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. 5 నుండి 14 ఏళ్ళ నల్లజాతి బాలికలను, అదే వయసు శ్వేతజాతి బాలికలతో పోలిస్తే, పెద్దలు తక్కువ అమాయకులుగాను, లాలన, రక్షణ అంతగా అవసరం లేనివారుగాను చూస్తున్నారని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ న్యాయ కళాశాల పరిశోధకులు 2017లో తెలిపారు. అంతకుముందే 2015లో న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లే క్రెన్‌షా నేతృత్వంలో వెలువడిన నివేదిక, 2016లో మోనిక్ మోరిస్ వ్రాసిన "పుషౌట్" అనే పుస్తకం ఈ సమస్యను చర్చకు తెచ్చాయి. అప్పటివరకు చర్చ ఎక్కువగా బాలుర చుట్టూనే తిరిగేది.

స్ప్రింగ్ వ్యాలీ ఘటన

2015 అక్టోబరులో దక్షిణ కరోలినాలోని స్ప్రింగ్ వ్యాలీ ఉన్నత పాఠశాలలో, ఫోన్ విషయమై తరగతి విడిచి వెళ్ళడానికి నిరాకరించిన ఒక నల్లజాతి బాలికను పోలీసు అధికారి కుర్చీతో సహా పడదోసి నేలపై ఈడ్చాడు. తోటి విద్యార్థులు తీసిన వీడియో దేశమంతటా వ్యాపించినది. ఆమెతోపాటు, ఆ చర్యను గట్టిగా నిరసించిన మరొక విద్యార్థినిని కూడా అరెస్టు చేశారు. అధికారిని ఉద్యోగం నుండి తొలగించారు గాని అతనిపై నేరాభియోగం మోపలేదు. బాలికలపై కేసులను 2016లో ఎత్తివేశారు.

వారిపై ప్రయోగించినది "పాఠశాలకు అంతరాయం కలిగించుట" అనే రాష్ట్ర చట్టం. 2018లో దానిని సవరించి విద్యార్థులకు వర్తించకుండా చేశారు. పాత చట్టాన్ని విద్యార్థులపై ప్రయోగించడం రాజ్యాంగవిరుద్ధమని 2023లో ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం తీర్పునిచ్చినది.

ఇతర మార్పులు

సహజమైన జుట్టు, సన్నని జడల కారణంగా విద్యార్థులపై వివక్ష చూపడాన్ని కాలిఫోర్నియా 2019లో నిషేధించినది. అదే సంవత్సరం ఫ్లోరిడాలోని ఓర్లాండోలో పాఠశాలలో మారాం చేసినందుకు 6 ఏళ్ళ నల్లజాతి బాలికను పోలీసులు చేతులు బంధించి తీసుకుపోయారు. ఆ తరువాత 2021లో ఫ్లోరిడా, తీవ్రమైన హింసాత్మక నేరాలలో తప్ప, 7 ఏళ్ళలోపు పిల్లలను అరెస్టు చేయరాదని చట్టం చేసినది.