కోతయంత్రముల బేరింగులు: అరుగుదల, మార్పు

బండి ఇరుసునకు కందెన పెట్టనిచో ఏమగునో మన బళ్లారి సీమ రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. కట్టె కోయు యంత్రములందును జరుగునది అదియే. పోత ఇనుముతో చేసిన పాత రంపపు యంత్రముల దేహము తరతరములు నిలుచును. ముందుగ అరుగునది ఇరుసును మోయు బేరింగు. దానికై యంత్రమునే పాత ఇనుము క్రింద అమ్ముట నష్టము. అరిగినదని తెలిసియు నడుపుట ప్రమాదము. ఇరుసు ఊగిన రంపమూ ఊగును. బేరింగు అంగడిలో దొరకును గాని తెగిన వ్రేలు దొరకదు.

బేరింగులు ముఖ్యముగ రెండు విధములు. మెత్తని లోహపు పూత గల బేరింగునకు అమెరికాలో ఐజాక్ బాబిట్ 1839లో పేటెంటు పొందెను. తగరము, అంటిమొని, రాగి కలిసిన ఆ లోహమును కరిగించి పోయుదురు. తడి తగిలినచో అది చిమ్మును. కొన్నిటిలో సీసమును ఉండును. కావున ఆ పని అనుభవజ్ఞులకే విడువవలెను. రెండవది ఉక్కు గుండ్లు గల బాల్‌బేరింగు.

పరీక్షకు ముందు విద్యుత్తును పూర్తిగ తొలగించి, రంపమును, బెల్టును విప్పవలెను. పిమ్మట ఇరుసును చేతితో త్రిప్పినపుడు గరగర శబ్దముగాని, ఊగులాటగాని ఉన్నచో బేరింగు అరిగినదని తలంపవచ్చును.

క్రొత్తది కొనుటకు పాతదానిపై గల సంఖ్యను చూడవలెను. 6205 అని యున్నచో చివరి 05ను 5చే గుణింపగా 25 మిల్లీమీటర్లు వచ్చును. అది లోపలి వ్యాసము. వెలుపలి వ్యాసము 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. ఈ గుణకారము చివర 04 మొదలుకొని పై సంఖ్యలకు వర్తించును.

ఇరుసుపై బిగువుగ ఎక్కించునపుడు లోపలి వలయమునకు సరిపోవు గొట్టమునుంచి, దానిపైననే ఒత్తిడి కలిగింపవలెను. వెలుపలి వలయముపై సుత్తితో కొట్టినచో ఆ దెబ్బ గుండ్లగుండ పోయి, అవి దొర్లు గాడిలో గుంటలు పడును. క్రొత్త బేరింగు నాడే చెడును. మూతలేని బేరింగునందలి ఖాళీలో మూడవ వంతు మొదలు సగము వరకు గ్రీజు చాలును, మిక్కిలియైన వేడెక్కును.

అరుగుదలకు కారణమునుకూడ వెదకవలెను. రంపపు పొట్టు చొరబడినదా? బెల్టు అతిగ బిగిసినదా? ఇరుసు వంగినదా? ఇవి సరిచేయనిచో క్రొత్తదియు త్వరలో అరుగును.

మన పిల్లలు తరగతిలో చదువు ‘ఘర్షణము’ ఇదియే. తల్లిదండ్రులు పాత బేరింగు నొకదానిని వారి చేతికిచ్చి, సంఖ్యను చదివించి, లెక్క కట్టింపవలెను. తల్లిభాషలో నేర్చిన లెక్క చేతిపనికి అక్కరకు వచ్చునని వారికే బోధపడును.